కుక్కపిల్లకు విరేచనాలు పట్టుకుంటే

ఇంటి సంగతులు చెప్పమంటే కుక్కపిల్ల ఊసు ఎత్తుకుందేమిటని అనుకోకండి. పిల్లలున్న ఇంటికి ఏదో ఒకనాడు కుక్కపిల్ల రానే వస్తుంది. తెచ్చేది వాళ్లు, శుభ్రం చేసేది మనం!

మా చిన్నవాడు నాలుగో తరగతిలో ఉండగా, వీధి మలుపులో దొరికిందని నెలన్నర పిల్లనొకదాన్ని చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. పాపం ఆకలి మీదుందని గిన్నెడు గేదెపాలు పోశాను. మర్నాటికి నీళ్ల విరేచనాలు. పాలు అరగలేదు, అదే సర్దుకుంటుంది లెమ్మనుకున్నాను. రెండోనాడు వాంతులు, మూడోనాడు నెత్తురు. పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి దాని ఒళ్లు చల్లబడిపోయింది. డాక్టరుగారు నన్ను కోప్పడలేదు. "మొన్ననే తెచ్చి ఉండవలసిందమ్మా" అన్నారంతే.

పాలు కారణం కావచ్చనుకోవడం తప్పేమీ కాదు. తల్లికుక్క పాలకన్నా ఆవుపాలలో, గేదెపాలలో చక్కెర ఎక్కువ. అది అరగక పిల్లకు పారుతుంది. నీళ్లు కలిపి పోస్తే దానికి బలం చాలదు. తిండి ఒక్కసారిగా మార్చినా ఇదే తంటా. పాత తిండిలో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం రోజులలో మార్చాలి.

ఇక నట్టలు. ఇవి పిల్ల పుట్టకముందే తల్లి కడుపులో అంటుకుంటాయి, పాలలోనూ వస్తాయి. శుభ్రంగా పెంచాం కదా, మా పిల్లకెందుకుంటాయనకండి. పొట్ట ఉబ్బి వీపు ఎముకలు తేలిన పిల్లను చూస్తే అనుమానించాల్సిందే. రెండు వారాల వయసు నుంచి ఎనిమిది వారాల దాకా రెండేసి వారాలకొకసారి, తరవాత ఆరో నెల దాకా నెలకొకసారి నట్టల మందు పట్టించాలి. మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. ఆ నట్టల గుడ్లు మట్టిలో కొన్ని వారాలకు ముదురుతాయి. మట్టిలో ఆడి చేతులు కడుక్కోని మన పిల్లల కడుపులోకి పోతే కంటికి కూడా ప్రమాదం. అంచేత దొడ్డిలో మలం ఏరోజుకారోజు ఎత్తేయండి.

మా పిల్లను తీసుకుపోయింది మాత్రం పార్వో. 1978లో బయటపడి, ఒకటి రెండేళ్లలోనే దేశదేశాలకూ పాకిన వైరస్ ఇది. వాంతులు, దుర్వాసనతో నెత్తురు విరేచనాలు, తిండి ముట్టకపోవడం దీని గుర్తులు. అసలు చంపేది ఒంట్లో నీరు పోవడం. మెడ మీద చర్మం పట్టుకుని వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, చిగుళ్లు జిగటగా ఎండినా, పిల్ల పిలిస్తే తల ఎత్తకపోయినా తెల్లవారేదాకా ఆగకండి. సెలైన్ ఎక్కించాలి. పోతూ పోతూ కాస్త మలం డబ్బాలో పట్టుకెళ్లండి, పరీక్షకు పనికొస్తుంది.

పిల్ల హుషారుగా ఉండి, ఒకటి రెండుసార్లు పలచగా వెళ్లిందనుకోండి. పాలు మానేసి, మెత్తగా ఉడికించిన అన్నంలో ఉప్పుకారాలు లేని కోడిమాంసం, ఎముక తీసి, కలిపి కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు పెట్టండి. మంచినీళ్లు అందుబాటులో ఉంచండి. లంఖణం పరమౌషధమన్న మాట కుక్కపిల్లల దగ్గర పనికిరాదు సుమా! పస్తు పెడితే నెత్తుట్లో చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతుంది. మనం వేసుకునే మాత్రలు కూడా వద్దు. ఒక్క రోజులో తేరుకోకపోతే డాక్టరు దగ్గరకే.

పార్వోకు టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాటేదాకా వేయించాలి. ఒక్క సూదితో సరిపెట్టకండి. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిలుకు లొంగదు. గచ్చు ముందు కడిగి, ముప్ఫై పాళ్ల నీళ్లకు ఒక పాలు ద్రవ బ్లీచ్ కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి.

మేం ఏడాది పైగా ఆగి ఇంకో పిల్లను తెచ్చుకున్నాం. టీకాలన్నీ పూర్తయ్యేదాకా దాని కాలు వీధిలో నేలకు తగలనివ్వలేదు. మావాడు చొక్కాలో పెట్టుకునే తిప్పాడు. ఆఖరికి గుండీలు పట్టని చొక్కాలు మూడయ్యాయి.