ఎవరికీ కనిపించని మర



ప్లాటినం జూబిలీ వంటి శుభవేళ విద్య, విలువలు, భాష అనే పెద్దమాటలు వినిపించడం పరిపాటి. నేటి ప్రసంగ విషయం మాత్రం చిన్నది. విడిభాగాల కిట్ తెచ్చుకొని, పెద్దపరిమాణంలో నమూనా హెలికాప్టరును కూర్చడం. బెంగళూరు నగరంలో ఈ ప్రస్తావన అసందర్భం కాబోదు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ 1960వ దశకంలోనే ఇక్కడ చేతక్ హెలికాప్టర్ల నిర్మాణం చేపట్టింది. దేశీయంగా రూపొందిన ధ్రువ్ 1992 ఆగస్టులో ఇక్కడే తొలిసారి గాలిలోకి లేచింది. ఆ ఆకాశం క్రింద పెరిగిన పిల్లలకు హెలికాప్టరు మీద మోజు కలగడం సహజం. “ఈ బొమ్మల గొడవ దేనికి, లెక్కలు చేసుకోరాదా?” అని పెద్దలు విసుగుకోవడమూ సహజమే.

బొమ్మలతో మొదలైన ఒక చరిత్రను ముందుగా స్మరించుకోవాలి. అమెరికాకు చెందిన ఆర్థర్ యంగ్ ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1928లో హెలికాప్టరు సమస్యను చేపట్టాడు. కొంత పెద్ద యంత్రాన్ని నిర్మించాడు. అది ముక్కలైంది. అప్పుడతడు చిన్న విద్యుత్ నమూనాలవైపు మళ్ళాడు. పెద్ద యంత్రం విరిగితే నెలల శ్రమ మట్టిపాలవుతుంది. చిన్న నమూనా విరిగితే కారణం తెలుసుకొని త్వరలోనే మరల కూర్చవచ్చును. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక పాత కొట్టంలో ఆ నమూనాలు ఎన్నోమార్లు కూలాయి. చివరకు, తిరిగే రెక్కలతో అనుసంధానించిన బరువుల కడ్డీ ఒకటి నమూనాను గాలిలో నిలకడగా నిలిపింది. 1941లో అతడు ఆ నమూనాను బెల్ విమాన సంస్థ వారి ఎదుట ఎగురవేసి చూపాడు. ఆ కృషి ఫలితమైన బెల్ 47 హెలికాప్టరుకు 1946 మార్చి 8న పౌరవినియోగానికి ధ్రువపత్రం లభించింది. హెలికాప్టర్లలో అట్టి ధ్రువపత్రం పొందినది అదే మొదటిది.

1970వ దశకారంభంలో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ రేడియోతో నడిచే హెలికాప్టరు కిట్‌ను విపణిలోకి తెచ్చిన పిమ్మట ఈ విద్య సామాన్యుల ఇంటి బల్లమీదికి వచ్చింది. చాలాకాలం ఆ నమూనాల శిరస్సున కూడ యంగ్ కడ్డీకి చుట్టమైన ఒక కడ్డీ ఉండేది. నేడు దాని పనిని ఎలక్ట్రానిక్ పరికరాలు నిర్వహిస్తున్నాయి.

కిట్ పెట్టె తెరవగానే పిల్లవాని చూపు అందమైన ఫైబర్‌గ్లాసు పైతొడుగు మీదికి పోతుంది. కాని పని మొదలయ్యేది లోపలి అస్థిపంజరంతో. ప్రక్కపలకలు, ఇరుసు, బేరింగులు, పళ్ళచక్రాలు వరుసగా చేరాలి. రెండు పళ్ళచక్రాల నడుమ పలుచని కాగితపు ముక్కను నడిపి, వాటి మధ్య తగినంత సందు ఉన్నదో లేదో చూసుకోవాలి. బిగువైతే పళ్ళు అరుగుతాయి, వదులైతే జారుతాయి. లోహంలో బిగించే ప్రతి మరకూ, అదురుకు ఊడిపోకుండ పట్టి ఉంచే జిగురును ఒక చుక్క అద్దాలి. పైతొడుగు మూసిన తరువాత ఆ చుక్క ఎవరికీ కనిపించదు. వేసినదీ వేయనిదీ కూర్చిన చేతికొక్కదానికే తెలుసు.

తరువాతి పరీక్ష రెక్కల తూకం. రెండు రెక్కల బరువూ, బరువు కేంద్రమూ సమానంగా ఉండాలి. తేలికైన రెక్కకు చిన్న టేపు ముక్క అంటించి సరిచేస్తారు. ఇంత పట్టింపు దేనికని అడిగే పిల్లవానికి పాఠశాల భౌతికశాస్త్రమే సమాధానం చెబుతుంది. రెక్కలు గీసే వలయం వ్యాసం 1.6 మీటర్లు, వేగం నిమిషానికి 1500 చుట్లు అనుకొందాము. అంటే సెకనుకు 25 చుట్లు. రెక్క కొస వేగం గంటకు సుమారు 450 కిలోమీటర్లు. ఇరుసు నుండి 40 సెంటీమీటర్ల దూరాన ఒక రెక్క కేవలం 1 గ్రాము ఎక్కువ బరువున్నదంటే, ఆ తేడా ఇరుసును దాదాపు 1 కిలో బరువంత బలంతో ఒకవైపుకు లాగుతుంది. ఆ లాగుడు సెకనుకు 25 మార్లు దిశ మార్చుకొంటూ యంత్రమంతటినీ వణికిస్తుంది. ఆ వణుకే జిగురు అద్దని మరను వెదకి పట్టుకొని ఊడదీస్తుంది. బల్లమీద పట్టించుకోని తప్పు గాలిలో బయటపడుతుంది.

అందువల్లనే ఇంత పెద్ద నమూనాను ఆటవస్తువుగా భావించరాదు. ఆ వేగంతో తిరిగే రెక్క ప్రాణాపాయం కలిగించగలదు. అనుభవజ్ఞులైన పెద్దలు దగ్గరుండాలి. 2021 నాటి డ్రోన్ నిబంధనలకు లోబడి, అనుమతించిన ప్రదేశంలో, జనం లేని బయలులో, అందరూ దూరంగా నిలిచిన తరువాతనే మోటారును నడపాలి.

ఇక తల్లిదండ్రులతోను, ఉపాధ్యాయులతోను మనవి చేయవలసిన ముఖ్యవిషయం ఇదే. నలభై మరలు బిగించి, పైతొడుగు మూసి, రంగు కూడ వేసిన పిల్లవాడు రాత్రివేళ వచ్చి, “ఒక మరకు జిగురు వేశానో లేదో గుర్తు రావడం లేదు” అన్నాడనుకొందాము. “ఇంత అజాగ్రత్తా!” అని గద్దించే ఇంట్లో ఆ మాట రెండవసారి వినిపించదు. పిల్లవాడు తప్పును దాచడం నేర్చుకొంటాడు. “చెప్పి మంచిపని చేశావు, రేపు విప్పి చూద్దాము” అన్న ఇంట్లో ఒక పూట ఆలస్యమవుతుంది, కాని ఒక మనిషి తయారవుతాడు. రేపు వంతెన కట్టేవాడు, మందు కలిపేవాడు, బస్సు బ్రేకులు సరిచూసేవాడు ఆ పిల్లవాడే కావచ్చును. వాని పనిలో కూడ ఇతరుల కంటికి కనిపించని మరలు ఎన్నో ఉంటాయి. భయంతో పెరిగినవాడు వాటిని గూర్చి నోరు విప్పడు.

మరికొందరు తల్లిదండ్రులు ప్రేమకొద్దీ తామే పని పూర్తిచేసి, బిడ్డచేత ప్రదర్శనలో పెట్టిస్తారు. బహుమతి రావచ్చును. విద్య మాత్రం తండ్రి చేతిలోనే మిగిలిపోతుంది. అంతకన్న, “రెక్క వంగితే బండి ముందుకెందుకు పోతుంది? తోకరెక్క లేకపోతే ఏమవుతుంది?” అని అడిగి, బిడ్డచేత తెలుగులో చెప్పించుకోవడం మేలు. ఇంగ్లీషు సూచనల పుస్తకంలోని మాటలు కంఠస్థమైనంతమాత్రాన అర్థమైనట్లు కాదు. ఇంటిలోని అవ్వకు బోధపడేటట్లు చెప్పగలిగిననాడే అది సొంత విద్య. పొరుగుభాషల నడుమ 75 ఏండ్లుగా తెలుగులో బోధించిన పాఠశాలకు ఈ సంగతి కొత్త కాదు.

సోదరీసోదరులారా! పాఠశాల కూడ ఒక నిర్మాణమే. ఉత్సవదినాన కనిపించేది రంగు వేసిన పైతొడుగు. 75 సంవత్సరాలు దానిని నిలిపినవి, ఎవరూ చూడని వేళ శ్రద్ధగా మరలు బిగించిన ఎందరివో చేతులు. అట్టి చేతులు ఇక్కడి పిల్లలకు అలవడుగాక. తప్పు జరిగిందని నిర్భయంగా చెప్పుకొనే చోటు వారికి ప్రతి ఇంటిలోను, ప్రతి తరగతిలోను లభించుగాక.

స్వస్తి.