గుండె విరామం చెప్పే మాట

పోలీసు ఉద్యోగం కోసం నల్గొండ మేకల అభినవ్ స్టేడియంలోనో, పాలమూరు రోడ్ల మీదో తెల్లవారుజామున పరుగెత్తే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాటలు. తెలంగాణ 2022 కానిస్టేబుల్ నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాల్సి వచ్చింది. ఆ ఆరాటంలో చాలామంది రోజూ ప్రాణం పెట్టి ఉరుకుతారు. అదే నాకు దిగులు. ఏ రోజు తగ్గించుకోవాలో గుండెనే అడగొచ్చు.

గుండె గడియారంలా సమంగా కొట్టుకోదు. రెండు స్పందనల మధ్య విరామం కొన్ని మిల్లీసెకన్లు అటూఇటూ అవుతుంది. శరీరం తేరుకున్నప్పుడు ఈ తేడా సాధారణంగా ఎక్కువ. నిద్ర చాలకపోయినా, జ్వరం వస్తున్నా, ముందురోజు కల్లు తాగినా తగ్గుతుంది. చేతి స్మార్ట్ వాచీల్లో చాలావాటికి దీన్ని కొలవడం వచ్చు. ఉరుకుతున్నప్పటి అంకె నమ్మదగినది కాదు. రాత్రి నిద్రలోదో, లేవగానే కదలకుండా తీసుకున్నదో చూడండి. పక్కవాడి అంకెతో పోల్చకండి, మీ వారం సగటుతోనే పోల్చుకోండి. బాగా పడిపోయిన రోజు వేగం పెంచకుండా మెల్లగా ఉరకండి, లేదా నడవండి.

ఫిన్లాండ్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా రోజువారీ కొలతను బట్టి సాధన మార్చుకున్నవాళ్ల పరుగు వేగం, ముందే రాసుకున్న పట్టిక ప్రకారం ఉరికినవాళ్లకన్నా ఎక్కువ పెరిగింది.

వాచీ లేకపోతే పొద్దున లేవగానే నాడి లెక్కపెట్టండి. రోజూకన్నా బాగా ఎక్కువుంటే ఆ పూట తగ్గించండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం అంకెలు చూడొద్దు, పరుగు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.