మారు తేదీ, మారని తేదీ

నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపూరునందు మామిడి కోతలు ముగిసిన పిమ్మట లెక్కలు చూచుకొను దినములు వచ్చును. తోట కాపును కొనిన వ్యాపారి కొంత పైకము చేతికిచ్చి, మిగిలినదానికి ప్రోనోటు వ్రాసి యిచ్చినాడనుకొందము. పూర్వమిట్టి లెక్కలు చిట్టా, ఆవర్జాలలో ఉండెడివి. నేడు పెక్కుమంది వానిని కంప్యూటరుపై, స్ప్రెడ్‌షీటు అను గడుల పట్టికలో వ్రాసికొనుచున్నారు. సూత్రము వ్రాసిన గడి తనంత తానే లెక్క కట్టును, తేదీని గూడ తానే మార్చును. ఈ సదుపాయముననే ఒక అపాయము దాగియున్నది.

ఒక గడిలో సమాన చిహ్నమును, 'టుడే' అను మాటను, దాని వెంట లోపలేమియు లేని బ్రాకెట్ల జతను వ్రాసినచో ఆనాటి తేదీ కనబడును. రేపు పట్టికను తెరచినచో రేపటి తేదీ కనబడును. తోట యజమాని 2024 జూన్ 18న నోటు వ్రాయించుకొని, తేదీ గడిలో ఈ సూత్రమునే ఉంచెనేని, ఏడాది గడచినను అది ఆనాడే వ్రాసిన నోటువలె కనబడును. బాకీ ఒక్క దినమైనను పాతబడదు!

న్యాయస్థానము మన గడిని చూడదు, నోటును చూచును. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి, అడిగిన తోడనే చెల్లించవలసిన నోటుపై, వేరు ఒడంబడిక వ్రాసికొననిచో, నోటు తేదీ మొదలు మూడు సంవత్సరములలో దావా వేయవలెను. అటుపిమ్మట కాలదోషము పట్టును.

కావున నోటు తేదీని సూత్రముతో గాక చేతితో వ్రాయవలెను. నోటు వ్రాసిన దినముననే పట్టికలో నమోదు చేయువారు ఎక్సెల్‌లో కంట్రోలు మీటను అదిమిపట్టి సెమికోలను మీటను నొక్కినచో, ఆనాటి తేదీ పడి కదలక నిలుచును. పక్క గడిలో 'ఈడేట్' అను సూత్రము వ్రాసి, బ్రాకెట్లలో నోటు తేదీ గడి పేరు, కామా, 36 అను అంకె ఉంచవలెను. ముప్పదియారు నెలల గడువు, అనగా 2027 జూన్ 18, తేలును. మూడవ గడిలో ఆ గడువునుండి టుడేను తీసివేసినచో మిగిలిన దినములు తెలియును. టుడేకు తగిన చోటు ఇదియే.

తేదీనుండి తేదీని తీసివేయుట ఎట్లు? యంత్రము తేదీని అంకెగా దాచును. 1900 జనవరి 1 దానికి ఒకటి. మన నోటు తేదీ 45461, గడువు 46556. గడిలో ఇట్టి అంకె కనబడినచో బెదరక, గడిని తేదీ రూపమునకు మార్చుకొనవలెను. రెంటి నడుమ 1095 దినములున్నవి. కాని నడుమ ఫిబ్రవరి 29 వచ్చినచో మూడేండ్లకు 1096 దినములగును గనుక, దినములు కూడుటకంటె నెలలు కూడుటయే మేలు.

జటప్రోలు సంస్థానమునకు రాజధానియై వెలసిన ఊరు గనుక, కొల్లాపూరు వారి పెట్టెలలో ఫసలీ సంవత్సరముల పాత కాగితములుండవచ్చును. యంత్రమునకు ఫసలీ తెలియదు. నిజాం రాజ్యమున 1357 ఫసలీ 1947 అక్టోబరులో ఆరంభమైనది. ఆ 1357ను తేదీ గడిలో వేసినచో యంత్రము దానిని 1903 సెప్టెంబరు 18గా చూపును. అట్టివానిని వట్టి అక్షరములుగా వ్రాసి యుంచుటయే క్షేమము.

ఇక వ్యాపారి గడువు లోపల కొంత చెల్లించి, ఆ చెల్లింపును స్వహస్తముతో వ్రాసినను, వ్రాసినదానిపై సంతకము చేసినను, ఆ దినమునుండి క్రొత్త గడువు మొదలగును. దీనికై చెల్లింపు తేదీకి మరియొక గడి పెట్టి, ఈడేట్‌లో నోటు తేదీకి మారుగా 'మ్యాక్స్' అను సూత్రముతో రెండు తేదీలను చేర్చినచో, తరువాతి తేదీనే యంత్రము గ్రహించును. నోటు వెనుక వ్యాపారి వ్రాత పడనిదే ఈ గడిని నింపరాదు.