టీఎంసీలు లెక్కవెట్టినం, వాకిట్ల లీటర్లు మరిచినం

(ఉద్యోగుల కాలనీల ఆదివారం జరిగిన సమావేశంల చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల మీద మాట్లాడుమంటే మనం ఎప్పుడూ కృష్ణా, గోదావరి కాడ మొదలువెడ్తం. ఉద్యమంల విద్యాసాగర్ రావు సారు మనకు టీఎంసీల లెక్క నేర్పిండు. బచావత్ 811 ఇచ్చిండని, అందుల మనకు దక్కుతున్నదెంతని సదువురానోళ్లు సుత చెప్పేటోళ్లు. 2011ల సకల జనుల సమ్మెల 42 రోజులు పని బందువెట్టి కూసున్నం. 2014ల రాష్ట్రమొచ్చింది. నదుల పంచాయితీ ఇంకా ఒడువలే, దాని మీద మాట్లాడేటోళ్లు శానమంది ఉన్నరు. నేను మన ఇంటి ముంగట మోరీల వడి పోయే నీళ్ల గురించి మాట్లాడుత.

పొద్దున ఆరు గంటలకు ఈ గల్లీల నడిచిన. ఒకాయన పైపు వట్టి కారు కడుగుతుండు. ఇంకొక డాబా మీద ట్యాంకు నిండి కారుతుంది, మోటరు బందుజేసేటోళ్లు లేరు. ఒక ఇంటి ముంగట చీపురు వట్టకుండ, నీళ్లతోనే చెత్తను మోరీ దాక తోలుతున్నరు. ఆ నీళ్లు ఎక్కడియి? సింగూరు, మంజీర నీళ్లు పట్నానికి మళ్లితే ఘనపురం ఆనకట్ట కింద రైతు మడి ఎండుతుందని మనమే గదా సభలల్ల చెప్పినం. కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ దిక్కు నుంచి వంద కిలోమీటర్ల పైన పైపులల్ల, కరెంటు మోటర్లతోటి ఎత్తిపోస్తే ఈ పట్నానికి ఎక్కుతయి. నల్లగొండల ఫ్లోరైడ్ నీళ్లు తాగే పల్లెల మీదికెళ్లే ఆ పైపులు వచ్చినయని కొట్లాడింది కూడ మనమే. ఆ నీళ్లతోటి ఇయ్యాల కారు టైర్లు కడుగుతున్నం.

మా ఇంట్ల కొలిచి చూసిన. ఇరవై లీటర్ల బకిట్ పైపు కింద వెడితే నిమిషంన్నరల నిండింది. పది నిమిషాలకు 130 లీటర్లు. తడిగుడ్డ వట్టి తుడిస్తే అదే కారుకు రెండు బకిట్లు ఎక్కువ. ఊర్ల మా అమ్మ చేదబాయి నీళ్లను ఊకె వారవోసేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు బర్రె కుడితిల వడేటియి, జాలారి నీళ్లు అరటిచెట్టుకు పోయేటియి, గోళెం అడుగున మిగిలినయి వాకిట్ల సాన్పుకు. అప్పుడు దాన్ని పొదుపు అని ఎవలనలే. బొక్కెన గుంజేటోళ్ల రెట్టలకు తెలుస్తది నీళ్ల బరువు.

ఇగ వాన ముచ్చట. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన వడితే వెయ్యి లీటర్లు. ఐదు సెంటీమీటర్లు కొడితే ఐదు వేలు, అంటే ఎండకాలం పైసలు వోసి తెప్పించుకునే ట్యాంకరు ఒకటి. హైదరాబాదుల ఏడాదికి దగ్గర దగ్గర 80 సెంటీమీటర్లు వడ్తది. పదహారు ట్యాంకర్లు! అన్నీ పట్టలేం, నిజమే. సగం పట్టినా ఎనిమిది. వానకాలం వాటిని మురికినీళ్లల్ల కలిపి మూసీకి తోలుతం, ఏప్రిల్‌ల ట్యాంకరోనికి ఫోన్ చేస్తం.

2002ల వాల్టా చట్టం వచ్చినప్పటి సంది ఇంకుడు గుంత మాట వింటనే ఉన్నం. కాగితం మీద గుంత, నేల మీద గచ్చు. తవ్వినోళ్లు సుత మల్ల దాని మొఖం చూడలే. నాలుగు ఫీట్ల పొడుగు, వెడల్పు, లోతు గుంత తవ్వి, కింద పెద్ద రాళ్లు, నడుమ కంకర, మీద దొడ్డు ఇసుక పొయ్యాలె. వానకాలం ముందు పైన పేరిన ఒండు తియ్యాలె. డాబా ఊడ్వాలె. తొలివాన నీళ్లు గుంతలకు పోనియ్యొద్దు. సెప్టిక్ ట్యాంకుకు దూరం ఉండాలె, సబ్బునీళ్లు అందుల కలుపొద్దు. చెట్ల మొదట్ల దాక గచ్చు వోసిన కాడ రెండు మూడు ఫీట్లు పలగ్గొట్టాలె. రాలిన ఆకును కాలవెట్టకుండ పాదులల్ల వరిస్తే తడి ఆరదు. నీళ్లు పొద్దుగూకినంక పొయ్యండ్రి, మిట్టమధ్యాహ్నం కాదు.

ఒక గుంత తవ్వంగనే బోరు పొంగుతదని నేను చెప్ప. మనది రాతినేల. పైన మొరం, కింద గ్రానైట్. నీళ్లు ఆ మొరంల, రాతి పగుళ్లల్లనే ఉంటయి. అవి ఎండినంక వెయ్యి ఫీట్లు దింపినా దుబ్బే లేసే బోర్లు మనం చూసినం. పోయినసారి ఒక పెద్దమనిషి అడిగిండు: "నా గుంతల ఇంకిన నీళ్లు పక్కింటోని బోరుకు పోతే నాకేం లాభం?" మంచి ప్రశ్న. పోతయి, నిజమే. పగులు ఎటుంటే నీళ్లు అటే. భూమిల కాంపౌండ్ గోడ లేదు. కాని ఆయన బోరు సుత పక్కింటి నీళ్లు గుంజుతనే ఉన్నది గదా, దాని మాట ఆయన అడుగలే. కాకతీయుల చెరువులు గట్లనే బతికినయి, మీది చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేది. అందుకే ఒక్క ఇంటితోటి అయ్యేది కాదు ఇది. గల్లీ గల్లీ తవ్వాలె.

ఈ గల్లీల నలభై ఇండ్లున్నయి, నేను చూసిన గుంతలు మూడు. అండ్ల రెండు పూడిపోయినయి. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి ఆ రెండు తోడుదాం, కమ్యూనిటీ హాలు డాబా కింద కొత్తది తవ్వుదాం. విద్యార్థులు గల్లీల కారే నల్లాలు, ట్యాంకులు రాసుకొని రాండ్రి. గడ్డపార నేను తెస్త, తట్టలు మీరు తేండ్రి.

జై తెలంగాణ.