కొల్లూరు గని, కూలీ లెక్క
(నరసరావుపేటలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



పలనాడు అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారంపూడి గుర్తొస్తాయి. కొల్లూరు గుర్తురాదు. బెల్లంకొండ మండలంలో కృష్ణ దక్షిణపు ఒడ్డున ఉండే ఆ ఊరు పులిచింతల జలాశయం ముంపులో పోయింది. లండన్‌లోని కోహినూర్, వాషింగ్టన్‌లోని హోప్, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలోని రీజెంట్, ఈ మూడూ కొల్లూరు గనివేనని ఎక్కువమంది చెబుతారు. అవి మన దగ్గర లేవని అందరికీ బాధే. నన్ను అంతకంటే ఎక్కువగా బాధించేది మరొకటి: వాటిని తవ్విన వాళ్లలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు.

17వ శతాబ్దం నడుమ ఫ్రెంచి రత్నవ్యాపారి టావెర్నియర్ ఈ గనికి వచ్చాడు. తాను మొదటిసారి చూసినప్పుడు అక్కడ 60,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. పిల్లల మాట దగ్గర చదివేవాడు ఒక్క క్షణం ఆగాలి. కొల్లూరుకు దూరంగా ఉన్న మరో గనిలో పని బాగా తెలిసిన కూలీకి కూడా ఏడాదికి మూడు వరహాలే ముట్టేవని ఆయనే చెప్పాడు. అంత తక్కువ కూలికి చేసే మనుషులు రాయి దాచుకోవడానికి వెనకాడరనీ, ఒంటిమీద గోచీ తప్ప ఏమీ ఉండదు కాబట్టి మింగేస్తారనీ రాశాడు. దొంగతనం ఆయన కంటికి కనిపించింది. మూడు వరహాలు ఎవరి దొంగతనమో ఆయన అడగలేదు.

గనుల సొమ్ము ఎటు పోయిందో చూడండి. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా గనులను గుత్తకు పట్టి అపారంగా గడించాడు. సొంత సైన్యం, ఫిరంగులు సమకూర్చుకుని గండికోటను గెలిచాడు. 1652లో టావెర్నియర్ ఆయనను కలిసింది గండికోటలోనే. తర్వాత మీర్ జుమ్లా ఏలినవాడిని వదిలి మొగలాయిల పక్షం చేరాడు, షాజహానుకు పెద్ద వజ్రం కానుకగా ఇచ్చాడు. 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి దండెత్తాడు. ఆఫ్రికాలో వజ్రాలు యుద్ధాలకు పెట్టుబడి అయ్యాయని చదివి నివ్వెరపోతాం. మూడు వందల ఏళ్ల ముందే అది తెలుగు నేల మీద జరిగింది.

రీజెంట్ వజ్రం కథ మరీ కటువైనది. గనిలో దొరికిన రాయిని ఒక బానిస కాలి గాయంలో దాచి పారిపోయాడనీ, ఓడ ఎక్కిస్తానన్న ఇంగ్లీషు కెప్టెను రాయి తీసుకుని అతణ్ణి చంపేశాడనీ చెబుతారు. అది కథే కావచ్చు. కాగితాల్లో ఉన్నది ఇది: 1702లో మద్రాసు గవర్నరు థామస్ పిట్ ఆ రాయిని జామ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర 48,000 వరహాలకు కొన్నాడు. అంటే 20,400 పౌన్లు. 1717లో ఫ్రాన్సు పాలకుడికి 1,35,000 పౌన్లకు అమ్మాడు. ఈలోగా చెడ్డమాటలు పుట్టి, తాను న్యాయంగానే కొన్నానని పిట్ రాసి ఇవ్వాల్సివచ్చింది.

ఇక మన కాలం. సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదార్లు వజ్రాలతో ఆయుధాలు కొన్నారు, మామూలు జనం చేతులు నరికారు. లోకం కదిలింది. 2000లో దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో చర్చలు మొదలై, 2003 జనవరి 1 నుంచి కింబర్లీ విధానం అమల్లోకి వచ్చింది. ముడి వజ్రం దేశం దాటాలంటే సర్టిఫికెట్ ఉండాలి. మంచిపనే. కానీ ఆ విధానం తప్పుపట్టేది, ప్రభుత్వాల మీద యుద్ధం చేసే తిరుగుబాటు దళాలకు డబ్బిచ్చే రాళ్లను మాత్రమే. 2008లో జింబాబ్వేలోని మరాంగే దగ్గర పేద తవ్వకందార్లను చంపింది ప్రభుత్వ బలగాలు. 2011లో అక్కడి వజ్రాల ఎగుమతికి అనుమతి దొరికింది. యుద్ధాలకు పెట్టుబడి అయ్యే వజ్రాలపై ఉద్యమానికి ఆద్యులైన సంస్థల్లో ఒకటైన గ్లోబల్ విట్‌నెస్ ఆ ఏడాదే కింబర్లీ నుంచి తప్పుకుంది.

ఆ కొలతతో కొలిస్తే మీర్ జుమ్లా వజ్రానికి, పిట్ వజ్రానికి కూడా మచ్చలేని సర్టిఫికెట్ దొరికేది. రాజముద్ర ఉంటే రక్తం కనపడని కొలత అది. దాన్ని నేను ఒప్పుకోను.

మనకు దీనితో సంబంధం లేదనుకోవద్దు. లోకంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది సూరత్ చుట్టుపక్కలే సానపడతాయి. 2008లో, 2019లో కింబర్లీ విధానానికి అధ్యక్షత వహించింది భారతదేశమే. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో పేదలు రాళ్లు వెతుకుతారు. దొరికిన రాయి విలువ వాళ్లకు తెలియదు, కొనేవాడికి తెలుసు. ఆ తేడాలోనే అన్యాయమంతా ఉంది.

అందుకే రెండు విన్నపాలు. మన ప్రభుత్వం కింబర్లీ నిర్వచనంలోకి సైన్యాల హింసను, కూలీల వెట్టిని, పిల్లల చాకిరీని చేర్చమని పట్టుబట్టాలి. సూరత్ ఉన్న దేశం గట్టిగా అడిగితే వినక తప్పదు. రెండోది ఈ జిల్లా పెద్దలకు: పులిచింతల గట్టు మీద కొల్లూరు గని పేరున ఒక శిలాఫలకం వేయించండి. కోహినూర్ పేరు కంటే ముందు, అక్కడ తవ్విన, మట్టి మోసిన ఆడామగా పిల్లల గురించి తెలుగులో చెక్కించండి.