ఉన్న శుక్రవారం ఒక్కటే

 

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి, ఖతార్‌లోని ఈ ఏషియన్ టౌన్ చుట్టుపక్కల క్యాంపుల్లో ఉంటూ, డ్యూటీ దిగి చదివినవారు మీరు. మీ తరగతి జరిగే వేళకే ఇక్కడి థియేటర్లో కొత్త తెలుగు సినిమా ఆడుతుంటుంది, స్టేడియం వైపు నుంచి క్రికెట్ కేకలు వినిపిస్తుంటాయి. మీరు వాటిని వదులుకున్నారు. ఈ రోజు మీ చేతికి వచ్చే సర్టిఫికెట్ కాగితం వెనక ఎంత చదువు ఉందో, ఎంత వదులుకోవడం ఉందో ఈ సభలో మీకంటే బాగా తెలిసినవారు లేరు. అందుకే స్నాతకోత్సవాల్లో అతిథులు చెప్పే "ఇంకా చెయ్యండి, ఇంకా సాధించండి" అన్న మాట నేను చెప్పను. తక్కువ చెయ్యండి అని చెప్పడానికి వచ్చాను.

నేను కట్టడాల దగ్గర సేఫ్టీ పని చూసేవాణ్ని. మీలో చాలామందికి పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్ అలవాటే. షిఫ్టు మొదలయ్యే ముందు గుంపుగా నిలబెట్టి పది నిమిషాలు చెప్పే మాట. మంచి ఫోర్‌మన్ ఆ పది నిమిషాల్లో ఒకే ఒక్క ప్రమాదం గురించి చెబుతాడు. ఈ రోజు పరంజా మీద పని ఉంటే పరంజా గురించే: పచ్చ ట్యాగు ఉందా, ఎర్ర ట్యాగు ఉందా, హుక్కు ఎక్కడ తగిలించాలి. అంతే. కొత్తగా వచ్చిన ఫోర్‌మన్ ఆత్రంగా కరెంటు, క్రేన్, ఎండ, గొయ్యి, చేతి తొడుగులు అన్నీ ఒక్కసారే చెప్పేస్తాడు. మధ్యాహ్నం వెళ్లి అడిగితే ఎవరికీ ఏదీ గుర్తుండదు. ప్రాణం మీదికి వచ్చే విషయాల్లోనే మనిషి తల ఒక పూటకు ఒక్క మాట పట్టుకుంటే గొప్ప. బతుకు విషయంలో మాత్రం ఒకే ఏడాదిలో పది పనులు మోయగలమని ఎందుకు అనుకుంటామో నాకు అర్థం కాదు.

తక్కువ చేస్తే పని ఆగిపోతుందా? ఎండ సంగతి చూడండి. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా, పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. అంతకుముందు ఆ విరామం జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా, 11:30 నుంచి 3 గంటల వరకే ఉండేది. వేడి, తేమ, గాలి, ఎండ నాలుగూ కలిపి కొలిచే సూచిక ఒకటుంది, డబ్ల్యూబీజీటీ అంటాం. అది 32.1 డిగ్రీలు దాటితే, గడియారంలో ఎంతైనా సరే, పని ఆపాల్సిందే. వేడికి ప్రాణం మీదికి వస్తోందని నమ్మితే పని ఆపేసే హక్కు కార్మికుడికే ఉంది. 2019 వేసవిలో గ్రీస్‌లోని థెస్సలీ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి దోహాలో పని చేసేవాళ్ల ఒంటి వేడిని కొలిచారు. ఈ నియమాలకు ఆ అధ్యయనం ఆధారమైంది. పని గంటలు తగ్గినందుకు పనులు ఆగలేదు. విరామాలు అమల్లో ఉండగానే 2022 ప్రపంచకప్ స్టేడియాలు ఎనిమిదీ పూర్తయ్యాయి.

తక్కువ చేయడం అంటే బద్ధకం అని మన ఊళ్లలో ఒక మాట. ఆ మాట అనేవాళ్లకు ఒక్క సంగతి గుర్తు చేయాలి. ఇక్కడి 2004 నాటి కార్మిక చట్టంలో వారానికి 48 గంటలు అన్న హద్దు ఉంది. రంజాన్‌లో అది 36 గంటలు. ఓవర్‌టైమ్, అంటే ఓటీతో కలిపినా రోజుకు 10 గంటలు దాటకూడదు, వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలి. రోజుకు 8, వారానికి 48 అన్న అంకెలు దయతో పుట్టినవి కావు. చికాగోలో 1886లో కార్మికులు వీధుల్లోకి వచ్చింది ఎనిమిది గంటల పనిదినం కోసమే. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టగానే చేసిన మొట్టమొదటి ఒప్పందం ఈ పని గంటల మీదే. తక్కువ పని కోసం పోరాడినవాళ్లు మన పెద్దలు. వాళ్లను బద్ధకస్తులనగల ధైర్యం ఎవరికుంది?

కంపెనీ మన మీద పెట్టే బరువుకు చట్టం ఒక గీత గీసింది. మన మీద మనం పెట్టుకునే బరువుకు గీత గీసే చట్టం ఎక్కడా లేదు. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ బరువు గురించే.

వారంలో 168 గంటలు. డ్యూటీ, ఓటీ, బస్సు ప్రయాణం, బాత్రూం దగ్గర వరుస, వంట, బట్టలు, నిద్ర తీసేస్తే మీ చేతిలో మిగిలేది రాత్రి గంటా రెండు గంటలు, సెలవు రోజైన ఒక శుక్రవారం. ఈ సర్టిఫికెట్ రాగానే ఉత్సాహం వస్తుంది. ఆటోక్యాడ్ నేర్చుకుందాం, డ్రైవింగ్ లైసెన్సు తీసుకుందాం, హిందీ రాయడం నేర్చుకుందాం, ఊళ్లో డిగ్రీకి ఫీజు కడదాం అనిపిస్తుంది. అన్నీ మంచివే, వాటిలో ఒక్కటి కూడా చెడ్డది కాదు. అందుకే వాటిని వదులుకోవడం కష్టం. చెడ్డ అలవాటు మానమని చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. మంచి పనుల్లో మూడింటిని పక్కన పెట్టి ఒక్కటే పట్టుకోమని చెప్పేవాళ్లు దొరకరు. నేను చెబుతున్నాను. ఈ రెండేళ్ల కాంట్రాక్టుకు ఒక్క చదువు. ఏదన్నది మీ ఇష్టం. నన్ను అడిగితే, పది పాసు కానివాళ్లు ముందు ఓపెన్ స్కూల్లో పది రాయండి. పాస్‌పోర్టులో ఈసీఆర్, అంటే వలసకు అనుమతి తప్పనిసరన్న ముద్ర దానితో పోతుంది, తర్వాత ఏ కోర్సులో చేరాలన్నా అడిగేది దాన్నే.

ఇప్పుడు డబ్బు. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన వాళ్ల నిద్ర చెడగొట్టేది ఇదే. మన దేశ నిబంధన ప్రకారం ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అయినా లక్షలు ఇచ్చి వచ్చినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తికి రెండు లక్షలు తెచ్చారనుకుందాం. నెలకు మిత్తే ఆరు వేలు. ఇక్కడ కనీస మూల వేతనం 2021 మార్చి 20 నుంచి 1,000 రియాళ్లు. మెస్ ఖర్చు పోగా నెలకు పదిహేను వేల రూపాయలు ఇంటికి పంపగలిగారనుకోండి. అందులో ఆరు వేలు బాకీకి, మూడు వేలు చిట్టీకి, మిగతాది ఇంటి స్లాబుకని, చెల్లెలి పెళ్లికని, బంగారానికని పంచారా, రెండేళ్ల తర్వాత కూడా ఆ రెండు లక్షలు రెండు లక్షలుగానే ఉంటాయి. కట్టిందంతా మిత్తికే పోతుంది. అదే పదిహేను వేలూ బాకీకే కట్టండి. పద్దెనిమిది నెలల్లో పూర్తిగా తీరుతుంది. కాంట్రాక్టులో ఇంకా ఆరు నెలలు మిగిలి ఉంటాయి, ఆ ఆరు నెలల సంపాదన మొత్తం మీదే. కాగితం మీద లెక్క వేసి చూసుకోండి. మనుషులూ అంతే, డబ్బూ అంతే, ఒకేసారి ఐదు చోట్లకు పంపితే ఏ చోటికీ సరిపోరు.

"అన్నా, ఇంటి దగ్గర ఇంతమంది అడుగుతుంటే ఒక్కదానికే ఎలా కడతాం?" అంటారు. ఆ ప్రశ్న నిజమైనది. గల్ఫ్‌లో ఉన్నాడంటే డబ్బుంటుందనే నమ్మకం మన ఊళ్లలో ఎంత గట్టిదో నాకు తెలుసు. బావమరిదికి వీసా, పెదనాన్న కొడుక్కి ట్రాక్టరు కిస్తీ. ఎవరికి వారికి విడివిడిగా కాదని చెబితే మనసు నలిగిపోతుంది, చివరికి చెప్పలేక పంపేస్తాం. అందుకే ముందే ఇంట్లో ఒక మాట అనుకోండి. అమ్మకు, భార్యకు లెక్క మొత్తం చెప్పి, బాకీ తీరే దాకా ఇంకెవరికీ లేదని వాళ్లనే చెప్పమనండి. అమ్మ నోట వచ్చిన మాటకు ఊళ్లో విలువుంటుంది. ఓటీ మానమని నేను అనడం లేదు. చట్టం ఒప్పుకున్నంత వరకు, ఒంట్లో శక్తి ఉన్నంత వరకు చెయ్యండి, అది బాకీకే వెళ్లాలి.

ఫోను గురించి రెండే మాటలు. రాత్రంతా చెవిలో పెట్టుకుని, కూర కలుపుతూ, బట్టలు పిండుతూ మాట్లాడే మూడు గంటల ఫోన్ కంటే, పొయ్యి ఆపేసి మంచం మీద కూర్చుని పాపతో మాట్లాడే ఇరవై నిమిషాలు మేలు. ఆ ఇరవై నిమిషాలు తనవేనని పిల్లకు తెలుస్తుంది.

చివరిగా, ఈ తరగతులు నడిపే పెద్దలకు ఒక విన్నపం. వచ్చే బ్యాచ్ నుంచి మరో నాలుగు సబ్జెక్టులు చేర్చాలని ఆలోచిస్తున్నారట. మీ ప్రేమ అర్థమవుతుంది. కానీ చేర్చకండి. ఈ కుర్రాళ్లు చదువు పూర్తి చేయగలిగారంటే వారానికి ఒక రోజు, రెండు పుస్తకాలు, ఒక పరీక్ష అన్నది మీరు మార్చకుండా ఉంచినందుకే. ఐదు పుస్తకాలు పెడితే మొదటి వారం గది నిండుతుంది, రెండో నెలకు ఖాళీ అవుతుంది. డబ్బు ఎక్కువ ఉంటే మరో మాస్టారుని పెట్టండి, బస్సు వేయండి, తరగతి ముందు వీళ్లకు టిఫిన్ పెట్టండి. సబ్జెక్టులు మాత్రం ఉన్నవే ఉంచండి.

రేపు పొద్దున మీలో సగం మందికి నాలుగింటికే బస్సు. ఇక పేర్లు పిలవమనండి.