ఒకరు వాడిన వేట రైఫిలును కొనువారు చూడవలసిన సంగతులు



అడవిపందులు ఒక్క రాత్రి చేనిలో పడినచో నెలల తరబడి పడిన కష్టము మట్టిపాలగును. అందుచే అడవి సమీపమున భూములుగల రైతు, ఇంట తుపాకి యొకటి యుండుట మంచిదని తలంచుట సహజమే. క్రొత్తదానికి వెల యెక్కువ. ఎవరో వాడిన వేట రైఫిలు చవుకగా వచ్చుచున్నదని విన్నవెంటనే బయానా ఇచ్చువారు కలరు. ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించి, నడిపించి, కాడి కట్టి చూచు రైతే తుపాకిని కొనునపుడు పైమెఱుగు చూచి మోసపోవును. ఎద్దు చెడ్డదైన సొమ్ము మాత్రమే పోవును. తుపాకి చెడ్డదైన కన్నో, చేయో, ప్రాణమో పోవును.

మొదట పత్రముల సంగతి. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనివాడు తుపాకిని కొనరాదు, ఇంట నుంచుకొనరాదు. అమ్మదలచిన లైసెన్సుదారు తన ఉద్దేశమును జిల్లా మేజిస్ట్రేటునకు గాని, సమీప పోలీసు ఠాణా అధికారికి గాని వ్రాతమూలముగా తెలుపవలెను. అటు తెలిపిన పిమ్మట 45 దినములు గడచినగాని తుపాకి చేయి మారరాదు. “ముందు తీసికొనిపొండు, కాగితములు పిదప చూచుకొందము” అను మాటకు లోబడరాదు. సర్వే నంబరు లేని భూమిని ఎవడును కొనడు గదా! అట్లే, చేసినవారి గుర్తును నంబరును లేని తుపాకిని, లేక నంబరును ఆకురాతితో అరగదీసిన తుపాకిని ముట్టరాదు. పంటరక్షణకై లైసెన్సు సాధారణముగా మూతినుండి మందు కూరెడి తుపాకికే ఇయ్యబడును. అది చాలదని అధికారికి తోచినచో చాళ్లు లేని వేఱొక తుపాకికి ఇయ్యవచ్చును. రైఫిలు చాళ్లుగల తుపాకి. కావున లైసెన్సులో ఏ రకము వ్రాయబడినదో తెలిసికొనియే బేరమాడవలెను.

ఇక తుపాకి పరీక్ష. లోపల తూటా లేదని స్వయముగా చూచుకొని, బోల్టును తీసి, గొట్టమును వెలుతురునకు పట్టి చూడవలెను. చాళ్లు తేటగా మెఱయవలెను. పాతకాలపు తూటాల రంజకమునుండి మిగిలిన లవణము తేమను పీల్చి త్రుప్పు పుట్టించును. కడుగక విడిచిన గొట్టము లోపల గుంటలు పడును. ఉంగరమువలె నల్లని నీడ కనబడినచో అచ్చట గొట్టము ఉబ్బినదని యెఱుంగవలెను. మన్నుగాని గుడ్డపీలికగాని అడ్డుపడియుండగా కాల్చినచో అట్లగును. అట్టిది పనికిరాదు.

బోల్టుమీద నంబరున్న రైఫిలులో అది తుపాకి దేహముమీది నంబరుతో సరిపోవలెను. వేఱొకదాని బోల్టు తగిలించినచో తూటా వెనుక సందు ఎక్కువై, ఇత్తడి తొడుగు తెగి, వేడి వాయువు కాల్చువాని ముఖముపై కొట్టవచ్చును.

అమ్మువాడు కొసరుగా ఇచ్చు కలగలుపు తూటాలను తీసికొనరాదు. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమున చేయబడిన .315 రైఫిలునకు .303 తూటా తగదు. 12 బోరు తుపాకిలో పొరపాటున 20 బోరు తూటా వేసినచో అది ముందుకు జాఱి గొట్టములో నిలుచును. దాని వెనుక 12 బోరు తూటా వేసి కాల్చినచో గొట్టము ప్రేలును. ఇనుమును ఉక్కును పేనిచుట్టి చేసిన పూర్వపు గొట్టములు పొగ వెడలు మందునకై చేయబడినవి. పొగలేని మందు బలమునకు అవి పగులవచ్చును.

ఈ పరీక్షలన్నియు చేసినను, లైసెన్సుగల తుపాకి మరమ్మతుదారు చూచి, బాగున్నదని వ్రాసి ఇచ్చినగాని సొమ్ము చెల్లింపరాదు. చూపుటకు అమ్మువాడు ఒప్పుకొననిచో ఆ బేరము విడుచుటయే మేలు.

తుపాకి చేతికి వచ్చినంతమాత్రమున పందిని కాల్చు హక్కు రాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, పైరునకు హాని చేయు పందిని చంపుటకు అధికారముగల అధికారి వ్రాతమూలమైన ఉత్తరువు కావలెను. పంటను కాపాడుకొనబోయి ఠాణా మెట్లు ఎక్కుట ఏ రైతునకును తగదు. చవుక బేరమునకు తొందరపడక, పత్రములను గొట్టమును రెండింటిని పరీక్షించినవాడే క్షేమముగా నుండును.